మానుకు మళ్ళీ బాల్యం

ఆక్లండు నుంచి కారులో దక్షిణంగా మూడు గంటలు ప్రయాణం చేస్తే రోటొరూవా వస్తుంది. ఊరు కంటికి కనిపించక ముందే ముక్కుకు తెలుస్తుంది. నేలలోంచి గంధకపు ఆవిరి లేస్తూ ఉంటుంది. రోడ్డు పక్కన, తోటల్లో, కొన్ని ఇళ్ళ పెరళ్ళలో కూడా పొగలే! న్యూజీలండుకు వచ్చిన యాత్రికులు ఆ వేడినీటి గుండాలూ, మావోరీల నృత్యాలూ చూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నేను మాత్రం చెట్లు చూశాను. చూపించినవాడు మా మేనల్లుడు. వాడు అక్కడ ఒక నర్సరీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు.

ఊరికి ఆగ్నేయంగా కైంగరోవా అడవి. అడవి అంటే మన నల్లమల వంటిదనుకోకండి. అంతా వరుసలు తీర్చి నాటిన రేడియేటా పైన్. మన నిఘంటువులు పైన్ చెట్టును సరళ వృక్షమన్నాయి. సరళమంటే తిన్ననిది. ఆ పేరెంత తగినదో అక్కడ నిలబడితే గాని బోధపడదు. ఈ చెట్టు పుట్టిల్లు ప్రధానంగా కాలిఫోర్నియా తీరంలో కొద్దిచోట్ల. మెట్టినింట మాత్రం మహారాణి. న్యూజీలండులో నాటి పెంచిన అడవుల్లో పదింట తొమ్మిది వంతులు ఇదే. సుమారు 28 ఏళ్ళకు కొట్టి కలప చేస్తారు.

"మామయ్యా, వీటిలో మంచి చెట్టేదో చెప్పండి" అన్నాడు మావాడు.

"అదిగో, ఆ బారుగా ఉన్నది."

"ఆ బారు దాని జాతి గుణమో, నేల చలవో ఎలా తెలుస్తుంది? దాని అంశను నాలుగు రకాల నేలల్లో నాటి, ఏళ్ళ తరబడి చూడాలి. మంచిదని తేలేసరికి చెట్టు ముదిరిపోతుంది. ముదిరిన చెట్టు కొమ్మ నాటితే వేరు పట్టడమే కష్టం. పోనీ విత్తనం వేద్దామంటే, అందులో తల్లి పాలు సగమే. మిగతా సగం గాలికి వచ్చిన పుప్పొడిది."

చిక్కంతా ఇక్కడే ఉంది. మన బంగినపల్లి అంటు మూడు నాలుగేళ్ళకే కాస్తుందంటే కారణమేమిటి? ముదురు చెట్టు నుంచి తెచ్చిన రెమ్మ తన వయస్సు మరచిపోదు. తోటమాలికి అది వరం. కాని అడవికి కావలసింది పండు కాదు, మాను. వయస్సు మరవని పైన్ రెమ్మ వేరు వేసినా మందంగా పెరుగుతుంది. ఒక్కొక్కటి చెట్టులా నిటారుగా లేవక, కొమ్మలా పక్కకే సాగుతుంది.

ప్రయోగశాలలో చెప్పులు విప్పించి, తెల్లకోటు తొడిగించారు. అలమరల నిండా గాజుసీసాలు. సముద్రపు పాచినుంచి తీసిన అగర్ అనే జిగురులో చక్కెర, లవణాలు, హార్మోన్లు కలిపి, ఆ పాన్పుమీద ఆవగింజంత కణజాలాన్ని పడుకోబెడతారు. ఒక్క సూక్ష్మక్రిమి చొరబడినా సీసా మొత్తం పారబోయవలసిందే.

జీవకణాన్ని విడిగా పెంచి మొక్కను చేయవచ్చునని హాబర్‌లాండ్ అనే శాస్త్రజ్ఞుడు 1902లోనే ఊహించాడు. ఈ జాతి చెట్లలో ఆ ఊహ ఫలించడానికి చాలాకాలం పట్టింది. 1975లో అమెరికాలో ఒక పైన్ జాతికీ, 1985లో ఐరోపాలో స్ప్రూస్ చెట్టుకూ దారి దొరికింది. రెండూ విత్తనంలోని పసి అంకురం నుంచి వచ్చినవే. ముసలి చెట్టు సంగతో?

దానికి వీరు పట్టిన ఉపాయం విచిత్రమైనది. పసికణాలను రెండు భాగాలు చేస్తారు. ఒక భాగంతో మొక్కలు చేసి పొలాల్లో నాటుతారు. రెండో భాగాన్ని సున్నాకు దిగువ 196 డిగ్రీల ద్రవ నైట్రోజనులో నిద్రపుచ్చుతారు. ఏళ్ళు గడిచాక ఫలానా నంబరు మేలని పొలం తీర్పు చెబితే, ఆ నంబరును పసితనంలోనే నిద్రలేపుతారు. అన్న తాతయ్యే వేళకు తమ్ముడింకా ఉయ్యాలలోనే ఉంటాడన్నమాట!

సాయంకాలం ఫకరేవరేవా వనానికి వెళ్ళాం. అక్కడ 1901లో నాటిన రెడ్‌వుడ్ చెట్లున్నాయి. కొన్ని 70 మీటర్లు దాటాయి. తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టింది. "పైకి కాదు, కిందికి చూడండి" అన్నాడు మావాడు. మొదలు పక్కన లేత పిలకలు. చెట్టుకు పాదంలో బాల్యం, తలలో వార్ధక్యమట! ఈ జాతి ముదురు చెట్టు చివుళ్ళను సీసాలోనే లేతమొలకలకు అంటుకట్టి, మళ్ళీ కోసి మళ్ళీ కట్టి, వరుసగా కొన్నిసార్లు అలా చేస్తే పడుచుదనం తిరిగి వచ్చిందని 1992లో ప్రకటించారు. పైన్ చెట్టు ఇంత సులభంగా లొంగలేదు.

"అంతా ఒక్కటే చెట్టయితే, ఒక్క తెగులు చాలదుట్రా?" అని అడిగాను.

"చాలు. 1960లలో సూదులను మాడ్చే బూజు తెగులు ఈ అడవుల్లో కనిపించింది. అందుకే ఒక్క రకం నాటకూడదు. కాని తెగులును తట్టుకుని నిలిచిన చెట్టు ఉందనుకోండి. ఆ గుణం కాలం గడిచాక గాని బయటపడదు. అప్పటికి దాని బాల్యం మన దగ్గర లేకపోతే, కలపతోపాటు ఆ గుణమూ పోతుంది."

మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. రెడ్‌వుడ్ మాను కాస్త వంగింది. పైన్ వంగలేదు గనుక మనుషులు దాని మొక్కతనాన్నే దాచిపెట్టారు. రోటొరూవా వెళ్ళేవారు గంధకపు గుండాలు తప్పక చూడండి. తరువాత ఒక్క గంట ఆ ఎర్రమానుల కింద నిలబడి, మొదళ్ళ దగ్గర పిలకలను వెతకండి.