పులికాటులోఁ దెఱచిన తలుపు

పరదేశమున మతసేవ యనఁగా బోధించుటయే యని పలువురి తలంపు. 1632 మొదలు 1642 వఱకుఁ బులికాటులోని యొలందావారి (డచ్చివారి) కోటలో మతగురువుగా నున్న అబ్రహాము రోజెరియసు బోధించి యూరకుండలేదు. పద్మనాభుఁడను బ్రాహ్మణునిఁ జేరి మన యాచారములను, భర్తృహరి సుభాషితములను అడిగి తెలిసికొనెను. ఇరువురకును వారధి పోర్చుగీసు భాష. అతఁడు గతించిన పిదప 1651లో లైడెనున వెలువడిన గ్రంథమువలననే భర్తృహరి మొట్టమొదట ఐరోపాభాష కెక్కెను.

ఆ గ్రంథనామము 'మఱుఁగుననున్న యన్యమతమునకుఁ దెఱచిన తలుపు'. మనది యన్యమతమనుట యతఁడు మానలేదు. అయినను వినుటయు మానలేదు. బడిలో నీతిశతకము చెప్పునపుడెల్ల మాకీ తలుపు జ్ఞప్తికి వచ్చును. పొరుగింటి పరమతస్థుని పండుగ పేరైన నడుగక యేండ్లు గడపు విద్యావంతులు మనలో నెందఱు లేరు! స్వమతము వీడకయే పరుల మాట వినవచ్చును. చదువరులారా, అందులకు సముద్రము దాఁటనక్కఱలేదు. పొరుగింటి తలుపు తట్టినఁ జాలును.