ఉద్దాలకుని ఇనుము



ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయంలో ఉద్దాలక మహర్షి కుమారుడైన శ్వేతకేతువుకు ఏకవిజ్ఞానం చేత సర్వవిజ్ఞానం ఎట్లు సిద్ధిస్తుందో బోధిస్తూ మూడు దృష్టాంతాలు చెబుతాడు. మొదటిది మట్టిముద్ద, రెండవది బంగారం, మూడవది గోళ్ళు తీసే చిన్న ఇనుప పనిముట్టు. మొదటి రెండింటిని ప్రవచనకారులు విపులంగా వివరిస్తారు. కుండ, కడియం అందరికీ తెలిసినవే కదా. మూడవదాన్ని మాత్రం ఎందుకో త్వరత్వరగా దాటిపోతారు. నల్లని ఇనుముకు సభలో శోభ తక్కువ కాబోలు. ఈ మూడవ దృష్టాంతాన్ని గూర్చి నేను దీర్ఘంగా విచారించవలసి వచ్చింది. అది పాఠశాలలో కాదు, సముద్రాల ఆవల, పిట్స్‌బర్గ్ నగరంలో.

ఆ నగర సమీపంలో పెన్ హిల్స్ కొండమీద 1970ల దశకంలో తిరుమల ఆలయాన్ని ఆదర్శంగా తీసుకొని కట్టిన శ్రీవేంకటేశ్వరాలయం ఉన్నది. అర్చకత్వ నిమిత్తమై మేము ఆ ప్రాంతంలో కొన్ని సంవత్సరాలు నివసించాము. బోధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో లెక్కించింది. దాన్ని గురించిన వాదప్రతివాదాలు మా తాతల కాలం నుండి సాగుతున్నవే కనుక ఇక్కడ ఆ చర్చ పెట్టను.

2022 జ్యేష్ఠమాసంలో, ద్వారకానగర్‌లో మా పక్కవీధిలో నివసించే మిత్రులొకరు సతీసమేతంగా న్యూజెర్సీలోని కుమారుని ఇంటికి వచ్చి, అక్కడి నుండి మా ఇంట నాలుగు దినాలు గడపడానికి వచ్చారు. నాకన్న నాలుగేళ్ళు పెద్దలు. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి ఏడాది క్రితమే పదవీ విరమణ చేశారు. ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి ద్వారకానగర్‌కు మారినా, తెల్లవారుజామున షిఫ్టు వేళకు మెలకువ వస్తూనే ఉంటుందని వారి ఇల్లాలు చెప్పేది.

మా అమ్మాయి నయాగరా జలపాతానికి ప్రయాణం సిద్ధం చేసింది. కారులో నాలుగు గంటల దారి. మిత్రులు ఒప్పుకోలేదు. “నీళ్ళు పైనుంచి కిందకు పడితే చూడ్డానికి ఇంత దూరం రావాలా తల్లీ? ఇది కూడా ఉక్కునగరమే కదా. ముందు ఇక్కడి కొలిమి చూపించు” అన్నారు.

మొనాంగహేలా నదీతీరాన ర్యాంకిన్ అనే చోట కేరీ ఫర్నేసులు ఉన్నాయి. 1907లో నిర్మించిన 6, 7 సంఖ్యల కొలుములు రెండే నేడు మిగిలాయి. 92 అడుగుల ఎత్తు. 1970ల చివరిదాకా మండాయి. అక్కడ కరిగిన ఇనుమును వంతెన మీదుగా నదిని దాటించి ఆవలి ఒడ్డున ఉన్న హోమ్‌స్టెడ్ కర్మాగారానికి చేర్చేవారు. 1892లో కార్మికుల సమ్మె రక్తపాతంతో ముగిసినది ఆ హోమ్‌స్టెడ్‌లోనే. 1986లో అదీ మూతపడింది. ఇప్పుడక్కడ పెద్ద బజారు వెలసింది, దాని పక్కన పన్నెండు పొగగొట్టాలు మాత్రం వరుసగా నిలిచి ఉన్నాయి. 1950లో సుమారు 6,76,000 మంది ఉన్న పిట్స్‌బర్గ్ నగరంలో 2020 నాటికి 3,03,000 మందే మిగిలారు.

కొలిమిని చూపించినది ఒక వృద్ధుడు, పూర్వం ఆ నదీతీరంలోనే ఇనుము పనిచేసినవాడు. మా మిత్రుల ఆంగ్లం అతనికి, అతని ఉచ్చారణ మా మిత్రులకు సగమే అర్థమయ్యాయి. అయినా ఇద్దరూ కాస్ట్ హౌస్ నేలమీద కరిగిన ఇనుము పారిన కాలువల పక్కన నిలబడి, చేతులతో చూపించుకుంటూ ఒకరి మాట ఒకరు పూర్తిచేసుకున్నారు. బంకమట్టితో మూసిన రంధ్రాన్ని తొలిచే విధం, మొదట ఇనుము, వెనుక స్లాగ్ వచ్చే క్రమం, ఆ వేడిమి ముఖానికి తగిలే తీరు. శాఖాభేదం ఉన్న ఇద్దరు ఘనపాఠులు ఒకే పనసను వల్లిస్తుంటే వినేవాడికి కలిగే అనుభూతి నాకు కలిగింది. మా ఇల్లాలు, అమ్మాయి బయట తుప్పుపట్టిన ఇనుప గొట్టాల నడుమ మొలిచిన చెట్లను చూస్తూ నిలబడ్డారు.

తిరిగి వస్తూ మిత్రులు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు అన్నారు: “శాస్త్రీ, నా సర్వీసులో ఆరిపోయిన ఫర్నేసును చూడలేదు. రిపేరుకు ఆపడం వేరు, ఇది వేరు. ఒకసారి ముట్టిస్తే ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు మండాలి. మీ అగ్నిహోత్రం లాంటిదే. ఆహితాగ్ని ఇంట్లో అగ్ని ఆరితే పునరాధానం ఉందంటారు కదా, దీనికేముంది?”

వారి మనస్సు ఎక్కడున్నదో నాకు తెలుసు. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వం విశాఖ ఉక్కులో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ తరువాత మొదలైన దీక్షా శిబిరం 2022లోనూ కూర్మన్నపాలెం వద్ద నడుస్తూ ఉండేది. 1966లో జనం ప్రాణాలొడ్డి సాధించుకున్న కర్మాగారం అది. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేశారు. భూములిచ్చి ఊళ్ళు ఖాళీచేసిన కుటుంబాలు వేలు. వారిలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వృద్ధులైనవారూ ఉన్నారు.

నేను షష్ఠాధ్యాయం ఎత్తాను. వికారమంతా నామధేయమే, వాక్కు ఆశ్రయంగా ఏర్పడినదే, ఇనుము అనేదే సత్యం అని ఉద్దాలకుడు చెప్పాడు కదా. కేరీ పోయింది, ఇనుము పోలేదు. ఆ కొలిమిలో కరిగినది ఏ వంతెనలోనో, ఏ పట్టాలలోనో ఉన్నది. అదే అధ్యాయంలో, నదులు తూర్పుగా, పడమరగా పారి సముద్రంలో కలిసిన పిదప నేను ఫలానా నదినని ఎరుగవని కూడా ఉన్నది.

మిత్రులు శ్రద్ధగానే విన్నారు. “బాగుంది. ఇనుముకు ఏ లోటూ లేదు. ఇనుము ఆకలితో పడుకోదు కాబట్టి. మా క్యాంటీనులో కాంట్రాక్టు కుర్రాడొకడు ఉండేవాడు, వాళ్ళ పొలం కర్మాగారంలో కలిసిపోయింది. వాడికి ఈ మాట చెప్పమంటావా?”

ఈ ప్రశ్న వేదాంతానికి క్రొత్తది కాదు. వ్యావహారిక సత్త, పారమార్థిక సత్త అనే విభాగాన్ని శాంకర సంప్రదాయం చేసింది ఇందుకే. కానీ ఆ విభాగాన్ని మనం తరచు ఇతరుల కష్టం ఎదుట నోరు మూయించడానికి వాడుతున్నామని నా అభిప్రాయం. మిథ్య అనే మాట మన ఆస్తి విషయంలో గుర్తురాదు, ఎదుటివాని జీవనం విషయంలో చటుక్కున గుర్తొస్తుంది. మా మిత్రుల ప్రశ్నకు సమాధానం ఆ షష్ఠాధ్యాయంలోనే ఉన్నది. ఇనుము దృష్టాంతం ప్రథమఖండంలో వచ్చింది, నదులది దశమఖండంలో. నడుమ, సప్తమఖండంలో, ఉద్దాలకుడు కుమారుని పదిహేను దినాలు అన్నం మానమంటాడు, నీళ్ళు మాత్రం త్రాగవచ్చునంటాడు. పన్నెండేళ్ళు గురుకులంలో వేదాలన్నీ నేర్చి గర్వంతో వచ్చిన శ్వేతకేతువుకు, పదహారవనాడు ఋగ్యజుస్సామాలు స్ఫురించలేదు. తినమన్నాడు తండ్రి. తిన్న పిదప అన్నీ స్ఫురించాయి. మనస్సు అన్నమయమని అట్లు బోధపరచిన తరువాతనే, అష్టమఖండంలో, మహావాక్యం మొదటిసారి వినిపిస్తుంది. ఆకలిగొన్న శిష్యునికి ఋషి తత్త్వం చెప్పలేదు. మొదట తినమన్నాడు. క్రమం అది.

ఈ మాట చెప్పినప్పుడు మిత్రులు తల ఊపారు. “అయితే మీ ఋషి మా యూనియన్ వాడే” అన్నారు. అంగీకారమో, పరిహాసమో నాకు తెలియలేదు.

సాయంసంధ్య వేళకు నగరమధ్యంలోని సంగమస్థలానికి వెళ్ళాము. అలెఘెనీ, మొనాంగహేలా అనే రెండు నదులు అక్కడ కలిసి ఒహాయో అనే పేరుతో ప్రవహిస్తాయి. ఆ ఒహాయో మిసిసిపీలో కలుస్తుంది, మిసిసిపీ సముద్రంలో. సంగమపు కొసన 150 అడుగుల ఎత్తుకు నీటిని చిమ్మే యంత్రధార ఉన్నది. ఆ నీరు పైకి కనిపించే నదులలోనిది కాదు, భూగర్భంలో ఉన్న జలపొరలోనిది. దాన్ని అక్కడివారు నాల్గవనది అంటారు. ప్రయాగలో అంతర్వాహినియైన సరస్వతిని విన్నవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. మా ఇల్లాలు వెంటనే పసుపు, కుంకుమ సమర్పించబోయింది. నదిలో ఏమీ వేయకూడదని అమ్మాయి వారించింది.

విశాఖలో సంకల్పం చెప్పేటప్పుడు గంగాగోదావరుల మధ్యప్రదేశమని దేశాన్ని స్మరిస్తాము. అక్కడి ఆలయాలలో జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని చెప్పే ఆచారం ఏర్పడింది. నీటికి మాత్రం మార్పు లేదు. ఏ జలంలోనైనా గంగాది సప్తనదులను ఆవాహన చేయవచ్చును. నేను చెంబులోని నీటిలో ఆ ఆవాహన చేస్తుంటే మిత్రులు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

“గోదావరి ఉంది. కృష్ణ లేదేం శాస్త్రీ?”

విశాఖ ఉక్కులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పేరు గోదావరి. రెండవది కృష్ణ. మూడవది అన్నపూర్ణ. 1990లో గోదావరిని మొదటిసారి వెలిగించిన రోజున తాము అక్కడే ఉన్నామని, తెల్లవారేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళలేదని చెప్పారు. సప్తనదులలో కృష్ణ ఎందుకు లేదో వివరించబోయాను గానీ, వారు వినడం లేదు. నీటివైపు చూస్తున్నారు.

“బావగారూ, పులిహోర ఆరిపోతోంది” అని మా ఇల్లాలు పిలిచింది. సంధ్య ముగించి నేనూ వెళ్ళేసరికి అందరూ మెట్లమీద కూర్చొని విస్తళ్ళు పరచుకుంటున్నారు.