బస్సు సేటు గాలిమోటరు

ఇన్నవా వదినె, ఆదిలాబాదుకు గాలిమోటరు వస్తదట! నిజాం జమానాల ఎరోడ్రం ఒకటి ఉన్నది గదా అక్కడ, గది ఎయిర్‌ఫోర్సోళ్ల చేతులున్నది. 2025ల వాళ్లు సరే అన్నరు, మామూలు విమానాలు గూడ దిగొచ్చని. మా చిన్నోడైతే ఫోన్‌ల చూసి ఒక్కటే ఎగురుడు. మీ అన్న మాత్రం పేపరు మీదికెల్లి తలకాయ లేపకుంటనే అడిగిండు, "ఎన్ని సీట్లదట?" అని.

నవ్వకు. ఆర్టీసీల స్టీరింగు పట్టినోనికి ముందుగాల్ల యాదికొచ్చేది గదే. సీట్లెన్ని, నిండినయెన్ని, కేఎంపీఎల్ ఎంత, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు. కొలువుల ఉన్నన్ని రోజులు ఇంట్ల గదే ముచ్చట, రిటైరైనా పోలే గా జబ్బు. ఇప్పుడు పాత విమానాల పుస్తకం ఒకటి ముంగటేసుకొని, అండ్లకెల్లి గూడ కేఎంపీఎల్ తీస్తున్నడు.

తీస్తే ఏం దొరికిందో ఇను. ఇంగ్లండుల ఎడ్వర్డ్ హిల్‌మాన్ అని ఒక బస్సు సేటు ఉండెనట. మొదలు టాక్సీ నడిపి, తర్వాత బస్సులు కొని, ఆఖరుకు విమానాల ధంద పట్టిండు. ఆయన దగ్గరున్న ఫాక్స్ మోత్ విమానం ఎట్లుండెనంటే, ఒకటే ఇంజను, ముంగట మూసిన డబ్బాల ముగ్గురో నలుగురో పాసింజర్లు. నడిపేటోడు వాళ్ల ఎనుక, బయట, గాలికి వానకు! మన ఎడ్లబండి మీద గూడ తోలేటోడు ముంగటనే కూసుంటడు గదా. అయినా గది నడిచింది, పైసలు గూడ మిగిలినయి. దాంతోని ఆశ పుట్టి, డి హావిలాండ్ కంపెనోళ్ల దగ్గరికి పోయిండు. గిసుంటిదే రెండు ఇంజన్లది చేసియ్యిండ్రి, పారిస్ దాక పోవాలె, ఖర్చు మాత్రం తక్కువ కావాలె అన్నడు.

వాళ్ల ఇంజనీరు ఆర్థర్ హాగ్ పెద్ద పెద్ద వేషాలేం వెయ్యలే. ప్లైవుడ్ పెట్టె ఒకటి కట్టిండు. కింద ఒకటి, మీద ఒకటి రెక్కలు, వాటి మీద బట్ట గుంజి పూత పూసిండు. వాళ్ల కార్ఖానలనే తయారయ్యే 130 గుర్రాల జిప్సీ మేజర్ ఇంజన్లు రెండు బిగిచ్చిండు. ముక్కుల ఒక్క పైలట్, ఎనుక పాసింజర్లు. 1932 నవంబరు 24న ఎగిరింది. పేరు డ్రాగన్. అప్పట్ల చిన్న విమానమెక్కాలంటే సామాను ఒక్కటే కాదు, మనిషిని గూడ కాంటా మీద నిలబెట్టేటోళ్లు. మన మార్కెట్ యార్డుల వడ్లు తూచినట్లే! నేనైతే గక్కడికెల్లే ఇంటికి మర్లొత్తును.

ఇగ మీ అన్న లెక్క. ఆరుగురు మనుషులు, మనిషికి 20 కిలోల సామాను, గంటకు 175 కిలోమీటర్లు. పెట్రోలు గంటకు 59 లీటర్లు. భాగిస్తే లీటరుకు మూడు కిలోమీటర్లు. బస్సు అయిదు దాక ఇస్తదనుకో, కని అది నేల మీద ఉరుకుతది. "గాల్లె మూడంటే శభాష్" అని తొడ కొట్టిండు, చాయ్ ఒలికింది.

గా రోజులల్ల ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌కు హాండ్లీ పేజ్ అని ఏనుగసుంటి విమానాలుండె. నాలుగు ఇంజన్లు, 38 మంది, లోపట భోజనాలు, రాజభోగం. ఉరుకుడు మాత్రం డ్రాగన్‌కంటే తక్కువే. వాళ్లకు సర్కారు పైసలు అందుతుండె. హిల్‌మాన్‌కు పాసింజరు కిరాయే దిక్కు. 1933ల రోంఫర్డ్‌కెల్లి పారిస్‌కు షురు చేసిండు. పైలట్లను గూడ బస్సు డ్రైవర్ల లెక్కనే చూసేటోడట. గీ మాట మాత్రం మీ అన్న రెండుసార్లు సదివి ఇనిపిచ్చిండు. పాపం, 1934 ఆఖరు రోజున్నే పోయిండు. అప్పటికి డ్రాగన్ తమ్ముడు డ్రాగన్ రాపిడ్ గూడ వచ్చింది, ఇంజనుకు 200 గుర్రాలు.

ఇంకో సిత్రం. గదే 1932ల మన దిక్కు గూడ కదలిక వచ్చింది. జూన్‌ల నిజాం రైల్వేవోళ్లు 27 బస్సులతోని, 166 మందితోని రోడ్డు రవాణా షురు చేసిండ్రు. మన ఆర్టీసీకి, మీ అన్న తిన్న అన్నానికి మొదలు గదే. అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీకెల్లి బొంబాయికి టపా సంచులేసుకొని పుస్ మోత్ విమానంల వచ్చిండు. నడుమ అహ్మదాబాదుల దిగితే పెట్రోలు ఎడ్లబండి మీద డబ్బాలల్ల వచ్చింది. బొంబాయికెల్లి నెవిల్ విన్సెంట్ గా టపాను బళ్లారి మీదుగ మద్రాసుకు తీస్కపోయిండు. హైదరాబాదు తర్వాత కలిసింది. గా పుస్ మోత్‌ల పాసింజర్లు పట్టేది ఇద్దరే. టపానే నయం వదినె, కిరాయి ఖాయం, కిటికీ పక్క సీటు అడగది.

నిజామోళ్లు, టాటావోళ్లు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టేసరికి 1945 వచ్చింది. బేగంపేటల డకోటా విమానాలు తిరిగినయి. 1953ల అన్నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ల కలిసినయి.

మన దిక్కు విమానం రాలేదా అంటే వచ్చింది. మంచిర్యాల పోయే తొవ్వల బసంత్‌నగర్ లేదా, కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ? వాళ్ల రన్‌వే మీద 80లల్ల వాయుదూత్ కంపెనీ విమానం దిగేది. వాయుదూత్ నడిపే డోర్నియర్లు 19 సీట్లయి, డ్రాగన్ మనుమడు అనుకో. కొన్నొద్దులు నడిచి బందయింది. 1993ల ఆ కంపెనీయే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ల కలిసిపోయింది.

ఇగ ఆదిలాబాదుల ఎవరెక్కుతరు అంటవా? పత్తి కొనే రోజులల్ల సేట్లు ఎక్కుతరు. దవాఖానకు ఉరికేటోళ్లు ఎక్కుతరు, హైదరాబాదు మూడొందల కిలోమీటర్లు గదా. మిగతా దినాలు? మీ అన్న మాటల్ల చెప్పాలంటే, పందొమ్మిది సీట్లదైతే రోజూ తిప్పొచ్చు, డెబ్బై సీట్లదైతే సగం ఖాళీగ పోతది. నేనైతే పెద్దదే రావాలంట. గా చిన్నదాంట్ల పైలట్ వీపు చూసుకుంట కూసోవాలంటే, ఆయన తుమ్మినా నా గుండె జారుతది.