రెండే సీట్లున్న బండి

ఇవాళ పొలం కబుర్లు లేవండి. మినుముల గురించి అడిగినవాళ్ళకి రేపు రాస్తాను. ఇవాళ ఒక కారు గురించి రాయాలనిపించింది. రైతుకి స్పోర్ట్స్ కారు సంగతి ఏం తెలుసులే అనుకోకుండా చివరిదాకా చదవండి.

మావాడు కాలిఫోర్నియాలో ఉంటాడని ఈ పేజీ చదివేవాళ్ళకి తెలుసు. నాలుగేళ్ళ కిందట వీడియో కాల్‌లో ఒక పాత కారు చూపించి, కొన్నానన్నాడు. ఎర్ర రంగు మాజ్డా మియాటా, 1992 మోడల్. వాడు పుట్టిన ఏడే అదీ పుట్టింది. పైకప్పు గుడ్డది, సీట్లు రెండే. నాకు ఒళ్ళు మండింది. "అంత చదివి, అంత సంపాదించి ఈ డొక్కు కొంటావా? మేమొస్తే ఎక్కడ కూర్చోబెడతావురా, డిక్కీలోనా?" అని గట్టిగానే తిట్టాను. ఇంట్లో వేరే పెద్ద కారు ఉంది, అయినా నాకు మింగుడు పడలేదు. మన లెక్కలో బండంటే నలుగురు ఎక్కాలి, వెనక నాలుగు బస్తాలు పడాలి.

మొన్న వేసవిలో కోడలి రెండో కాన్పుకని నేనూ మా ఆవిడా వెళ్ళాం. వెళ్ళిన వారానికి మావాడు, "నాన్నా, ఆ కారు అమ్మేస్తున్నా. ఇద్దరు పిల్లలతో రెండు సీట్ల కారేం చేసుకోను? రెండో పార్కింగుకి నెలనెలా డబ్బు కూడా కట్టాలి" అన్నాడు. "మంచి పని. నేను చెప్పినప్పుడే వినుంటే పోయేది" అన్నాను. వాడేం మాట్లాడలేదు. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

మా ఆవిడ వంటింట్లోంచే, "అమ్మేలోపు మీ నాన్నని ఒకసారి తిప్పుకురారా. ఎలాగూ ఇద్దరే పడతారు, నన్ను పిలవొద్దు" అంది.

ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరాం. కారెక్కడం అనకూడదు, దిగడం అనాలి. నా మోకాళ్ళతో అందులోకి దిగి కూర్చునేసరికి నేల మీద పీట వేసుక్కూర్చున్నట్టుంది. కప్పు తీసే పద్ధతి చూపించాడు. వెనక ప్లాస్టిక్ కిటికీకి జిప్పు ఉంటుంది, ముందు అది విప్పాలి. ముందు అద్దం పైన రెండు కొక్కేలు తీసి, కప్పుని చేత్తో వెనక్కి మడిచెయ్యడమే. మోటారు లేదు, బటన్ లేదు. గొడుగు మూసినంత పని.

వుడ్‌సైడ్ ఊరు దాటాక 84వ నంబర్ రోడ్డు కొండెక్కుతుంది. రెండు పక్కలా రెడ్‌వుడ్ చెట్లు. ఆ చెట్లని అంతకు ముందు పెద్ద కారులోంచి చూశాను, మొదళ్ళే కనపడ్డాయి. ఇందులోంచి తలెత్తితే కొస దాకా కనపడింది. నీడలోకి వెళ్తే చలి, ఎండలోకి వస్తే వెచ్చన. తడి మట్టి వాసన, ఆకు కుళ్ళిన వాసన, ఒకచోట జామాయిల్ వాసన. మన పొలం గట్టు మీద నడుస్తుంటే తెలిసే సంగతులన్నీ ఆ కారులో కూర్చుంటే తెలిశాయి.

దారిలో వాడు ఆ కారు కథ చెప్పాడు. ఒకప్పుడు ఇలాంటి చిన్న టాపులేని కార్లు ఇంగ్లాండ్ వాళ్ళు చేసేవాళ్ళట. ఎంజీ, ట్రయంఫ్, లోటస్ లాంటివి. 1980 వచ్చేసరికి వాటిలో చాలావరకు ఆగిపోయాయి. బాబ్ హాల్ అనే అమెరికా విలేఖరి, అలాంటి కారు మీరే ఎందుకు చెయ్యకూడదని మాజ్డా వాళ్ళని అడిగాడు. ఆ మాట పట్టుకుని హిరోషిమా కంపెనీ ఈ కారు చేసి 1989లో షికాగో ప్రదర్శనలో పెట్టింది. 2016లో పది లక్షలో కారు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో ఎక్కువ అమ్ముడుపోయింది ఇదేనని గిన్నిస్ రికార్డు కూడా ఉంది.

ఇంజిన్ ఎంతరా అని అడిగాను. 1.6 లీటర్లు, 116 హార్స్‌పవర్ అన్నాడు. బరువు టన్ను లోపే. నా ట్రాక్టరు 45 హార్స్‌పవర్, బరువు రెండు టన్నుల దగ్గర. "ఇంతకన్నా స్పీడుగా పోయే కార్లు బోలెడున్నాయి నాన్నా. ఇది స్పీడు కోసం కాదు" అన్నాడు. జపాన్ వాళ్ళు దీన్ని చేసేటప్పుడు 'జిన్‌బా ఇత్తాయ్' అనే మాట పెట్టుకున్నారట. గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం అని అర్థం. నేను ఊఁ కొట్టాను. అప్పటికి నాకది పుస్తకంలో మాటలాగే అనిపించింది.

కొండ దిగాక శాన్ గ్రెగోరియో దగ్గర స్టేజ్ రోడ్ అని చిన్న దారి ఉంది. అక్కడ కారు పక్కకి ఆపి తాళం నా చేతిలో పెట్టాడు. మన లైసెన్సుతో అక్కడ నడపొచ్చట, ఇన్సూరెన్స్ వాళ్ళనీ ముందే కనుక్కున్నాడు. అంటే వాడు ఇంటి దగ్గరే అనుకుని వచ్చాడన్నమాట.

స్టీరింగ్ ఎడమ పక్క, గేరు కుడి చేత్తో. మొదటి మలుపు దగ్గర ఇండికేటర్ అనుకుని వైపర్ వేశాను. ఎండలో వైపర్లు టకటకా కొట్టుకుంటుంటే వాడు పడీ పడీ నవ్వాడు. క్లచ్ మాత్రం ఎక్కడైనా క్లచ్చే. గేరు రాడ్ నా జానెడంత లేదు, మణికట్టు తిప్పితే చాలు పడిపోతోంది.

పవర్ స్టీరింగ్ లేదు. రోడ్డు మీద చిన్న గతుకు వచ్చినా, కంకర తగిలినా చేతికి తెలుస్తోంది. నాలుగో మలుపో ఐదో మలుపో దగ్గర నాకు మేడి గుర్తొచ్చింది. నాగలి పట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కర్రుకి రాయి తగిలిందా, వేరు తగిలిందా, నేల గట్టిపడిందా అన్నది మేడి మీదున్న అరచేతికి తెలుస్తుంది. దాపటి ఎద్దు అడుగు తడబడినా తెలుస్తుంది. ట్రాక్టరు సీటెక్కాక నా చేతికి ఆ సంగతి పోయింది. ఆ రోజు గంటకి 30 మైళ్ళ స్పీడులో మళ్ళీ వచ్చింది. మన లెక్కలో 48 కిలోమీటర్లు, అంతే. గుర్రమూ రౌతూ అన్నమాట అప్పుడర్థమైంది.

పెస్కడేరో దగ్గర ఆర్టిచోక్ తోటల పక్కన ఆపాను. తామరమొగ్గల్లాంటి కాయలు. సముద్రం మీంచి మంచు పొర వస్తోంది. మామూలుగా నేను దిగి పంట చూసేవాణ్ణి. ఆ రోజు దిగబుద్ధి కాలేదు. అక్కడే కూర్చుని వాడికి ఎద్దుల సంగతి చెప్పాను.

1996లో ట్రాక్టరు కొన్నప్పుడు మా నాన్న ఎద్దుల జత అమ్మేశాను. లెక్క సరైందే, దానికి ఇప్పటికీ నేను వెనక్కి తగ్గను. మేత ఖర్చు, పాలేరు జీతం, పనయ్యే వేగం ఏది చూసినా ట్రాక్టరే. మా నాన్న ఒక్క మాట అనలేదు. కానీ చాలా రోజులు పొద్దున్నే లేచి ఖాళీ కొట్టంలోకి వెళ్ళి, గుంజ దగ్గర కాసేపు నిలబడి వచ్చేవాడు. "ఇంకా వాటి మీదేనా ధ్యాస" అని ఎగతాళి కూడా చేశాను. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆయన తలుచుకుంది పశువుల్ని మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. చేతికి తెలిసే ఆ పనిని కూడా తలుచుకున్నాడని అరవై దగ్గరపడ్డాక, ఎవరి దేశంలోనో, ఎవరో చేసిన కారులో కూర్చుంటే తెలిసింది.

మావాడికి అప్పుడు నాలుగేళ్ళు. ఎద్దులు లీలగా గుర్తున్నాయన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. రెండు సీట్లే కదా, వెనక నుంచి మాట కలిపేవాళ్ళు కూడా లేరు. నేనూ వాడూ అలా పక్కపక్కన ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో!

"పార్కింగు డబ్బు నెలకెంతరా?" అని అడిగాను. చెప్పాడు. "నేనిస్తాను" అన్నాను. "మీరివ్వక్కర్లేదు నాన్నా" అన్నాడు. "అయితే అమ్మకు" అన్నాను.

తిరుగు దారంతా వాడే నడిపాడు. ఇంటికొచ్చేసరికి నా మొహం ఎండకి కందిపోయి, జుట్టు పిచ్చిగా ఉంది. మా ఆవిడ నన్ను చూసి, "ఏవండీ, పొలం నుంచి వచ్చినట్టున్నారు" అంది.

మనవరాలు పుట్టింది, మేం తిరిగొచ్చేశాం. కారు ఇంకా ఉంది. ఎన్నాళ్ళుంచుతాడో నాకు తెలీదు. పిల్లల ఫీజులొచ్చాక లెక్కలు మారిపోవచ్చు, అది వాడిష్టం. ఆదివారం పొద్దున ఫొటో పంపుతుంటాడు. మొన్నటి ఫొటోలో పెద్దాడు పక్క సీటు చూపించి, అది నాదే అంటున్నాడట. ఆ సీటుకి ఇంకా వయసు చాలదని వాళ్ళ నాన్న ఆపాడు.

మీ ఇంట్లో కూడా లెక్కకి అందని వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. పాత సైకిలో, రేడియోనో, ముసలాయన కర్రో. అమ్మమని చెప్పేముందు ఒక్కసారి దాని పక్కన కూర్చుని చూడండి. ఆ తర్వాత అమ్మినా ఫర్వాలేదు.