లంగరు

మాది కర్నూలుసీమ. సముద్రమనగా మా చిన్ననాట భూగోళపుస్తకములోని నీలిరంగు మాత్రమే. కావుననే క్రిందటియేడు మా మేనత్తగారిని వెంటబెట్టుకొని తీరపట్టణమొకదానిలోని నావికా ప్రదర్శనశాలకు పోయినప్పుడు ఆమెకంటె మాకే తొందర యెక్కువగా నుండెను. ద్వారముచెంతనే నిలువెత్తు లంగరొకటి నిలిపియున్నారు. అది అసలుదానికి నకలని ప్రక్కపలకపై వ్రాసియున్నది.

నకలుంచుటకు కారణము లేకపోలేదు. శతాబ్దములు ఉప్పునీట మునిగిన యినుమును పైకిదీసి గాలికి వదలినచో, లోనికింకిన ఉప్పు పనిచేసి అది పొరలుపొరలుగా పగిలిపోవును. క్షారజలపు తొట్టెలోనుంచి, విద్యుత్తు పంపి, ఏండ్లతరబడి ఆ యుప్పును లాగవలసియుండును. లంగరు తన బరువుచేతనే ఓడను నిలుపునని మేమంతవరకు తలచుచుంటిమి. పైనున్న అడ్డుదూలము క్రింది కొక్కెములకు లంబముగా నుండుటచేత, లంగరు అడుగునబడి గొలుసు లాగినంతనే దూలము నేలకు పరచుకొని కొక్కెమునొకదానిని క్రిందికి త్రిప్పునట. ఓడ యెంతలాగిన నది అంతగా మట్టిలో దిగబడును.

మేనత్తగారు చేతికఱ్ఱతో దానిని తట్టిరి. డొల్లచప్పుడాయెను. "ఇంత పెద్ద పాతాళగరిగె యా బావిలోకి నాయనా?" యని యడిగిరి.

మేము నవ్వితిమి. నవ్వినందుకు వెంటనే సిగ్గుపడితిమి. ఏలయన, మా యింటి పాతాళగరిగె యొకప్పుడు నిజముగా లంగరే. కర్నూలు-కడప కాలువ 1863 మొదలు 1870 వఱకు త్రవ్వబడినది. సుంకేసులకడ తుంగభద్రనుండి బయలుదేరి, రమారమి 190 మైళ్లు సాగి కడపసీమను చేరు నీ కాలువను పైరులకేగాక పడవలకును ఉద్దేశించిరి. తుంగభద్రను తూర్పుసముద్రముతో జలమార్గమున కలుపవలెనని కాటన్ దొరగారి తలంపు. ఆ తలంపు కడముట్టలేదు. త్రవ్వించిన మద్రాసు కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వమువారు కాలువను కొనిరి. 1933లో పడవప్రయాణము మానిపించి దానిని సేద్యమునకే విడిచిరి. అట్లు మూలబడిన పడవలలో నొకదాని నాలుగుకొక్కెముల చిన్నలంగరును మా తాతగారు కొని, కమ్మరిచే కొనలు సన్నము చేయించి, బావిలో పడిన బిందెలు తీయుటకు ఇంట నుంచిరి. ఊరిలో అట్టిది వేఱొకటి లేదు. బిందెయో చేదయో జారినప్పుడెల్ల జనులు మా గడపకే వచ్చెడివారు.

అందఱును వచ్చిరి గాని అందఱికిని దొరకలేదు.

1956 వేసవిలో మాలపల్లె బావిలో చేద పడిపోయెను. వారికున్నది అదొక్కటియే. ఒక తల్లి ప్రొద్దుననే వచ్చి మా వాకిటికి దూరముగా నిలిచెను. ఆ బావినీరు తాకిన యినుమును మరల మన బావిలో ఎట్లు దించుదుమని మా జేజి యీయలేదు. అంటరానితనమును నేరముగా నెంచు చట్టము వచ్చి అప్పటికి ఏడాది. దాని మాట మా యింటికి రాలేదు. పండ్రెండేండ్ల మా మేనత్తగారు గరిగెత్రాడు చేతబట్టుకొని లోవాకిట నిలిచియుండిరి. సాయంకాలము అదే గరిగె కరణముగారింటికి పోయెను. మాలపల్లెలో ఆ తల్లి కుమారుడే బావిలోనికి దిగి, రాయి జారి పడి, కాలు విరుగగొట్టుకొనెను. చేద దొరికెను. కాలు చక్కబడలేదు. అతని కుంటినడకను మేము చిన్ననాటినుండి చూచుచునే యున్నను, దాని కారణము మా యింటనే యున్నదని ఎవ్వరును మాకు చెప్పలేదు. ఆ ప్రదర్శనశాల బల్లపై గూర్చుండి మేనత్తగారు మొదటిసారి చెప్పిరి. మొన్నమొన్నటి సంగతివలె చెప్పిరి.

ఇప్పుడు మా ఊర గొట్టపుబావులే గాని చేదబావులు లేవు. గరిగెకు పనిలేదు. మా అన్నగారు దానికి నూనె పట్టించి నడవలో గోడకు వ్రేలాడదీసిరి. వచ్చినవారికెల్ల కాలువ పడవల కథ చెప్పుదురు; కథ వినసొంపుగానే యుండును.

తిరిగి వచ్చునప్పుడు మేనత్తగారు, "ఆ పలకలో ఏం రాసినారు?" అని మరల చదివించుకొనిరి. "మనింటిదానికీ ఒక పలక రాయించు. పడవ సంగతొకటే రాసి ఊరుకోవద్దు" అనిరి.

పలక తెప్పించితిమి. పడవ సంగతి రెండు పంక్తులలో ముగిసినది. మూడవపంక్తికడ మా అన్నగారు, చుట్టములు వచ్చెడి యిల్లుగదా యని అడ్డుచెప్పుచున్నారు. మేనత్తగారు దినదినమును పలక యేమాయెనని యడుగుచునే యున్నారు.