మా యన్న క్యాసెట్టు

హైదర్‌గూడలోని మా యింట నొక పాత బీబీసీ మైక్రో కలదు. ఇంగ్లండున 1981లో వెలువడిన యీ గృహకంప్యూటరు, 1984లో ఆరంభమైన క్లాస్ పథకము మూలమున మన దేశపు పాఠశాలలకు వచ్చెను. దీని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. వ్రాసినదానిని టేపు క్యాసెట్టున దాచుకొనవలెను.

బడిలో దీనిని నేర్చిన మా యన్న గతించెను. అతడు వ్రాసిన యెక్కముల క్యాసెట్టు మిగిలెను. దానిని చూడ నాతురపడి, లోన పరీక్షింపకయే మీట నొక్కితిమి. పొగ లేచెను! విద్యుత్తు నందించు పెట్టెలోని కెపాసిటరు వయోభారమున బీటలువారి, తేమ పీల్చి పగిలినది. యంత్రమే చెడినచో క్యాసెట్టును చదువ మాకు వేఱు దిక్కు లేదు.

దైవకృపచే తక్కినవి చెడలేదు. కొత్త కెపాసిటరు నమర్చి నడుపగా, తెరపై మొదట మా పేరే కనబడెను. ఎక్కములు రాని తమ్మునికొఱకే యతడు దానిని వ్రాసియుండెను.

బాలకులారా, పాతవస్తువును మేల్కొల్పుటకు ముందు విప్పి చూచు నోర్పు నేర్చుకొనుడు.