పేగు పంపే కబురు

చలి పెరిగింది, మంట దగ్గరకు జరగండి. కొబ్బరి మట్టలు బాగానే రాజుకున్నాయి. కవిటి నుంచి వచ్చిన మా బావ నిన్న ఇక్కడే కూర్చుని, "షుగరుకి ఇస్తున్న ఆ కొత్త ఇంజెక్షను కిడ్నీని కూడా కాపాడుతుందట, నిజమేనా?" అని అడిగాడు. కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న ఉద్దానం మనిషి ఆ మాటెత్తితే తేలిగ్గా తీసేయలేం కదండీ.

ఆ మందుకు మూలం మన కడుపులోనే ఉంది. పొద్దున్నే చోడి అంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుంటామా? తిండి లోపలికి దిగగానే పేగు గోడలోని ఎల్-కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. ఇన్సులిన్ పంపమని క్లోమానికి ఒక కబురు, ఇక చాలని మెదడుకు ఇంకొకటి. ఆ హార్మోను ఆయుష్షు రెండు నిమిషాలే. ఓ ఎంజైము వచ్చి తుంచేస్తుంది. అలా తుంచడానికి వీల్లేకుండా మలిచిందే సెమాగ్లుటైడ్. వారానికి ఒక్క సూది చాలు.

ఈ హార్మోను కణాన్ని కాపాడుతుందని కూడా చెబుతారు. అదెలాగంటారా? ఇన్సులిన్ తయారుచేసే కణం మీద చక్కెర, కొవ్వుల భారం పడితే లోపల ప్రోటీన్లు సరిగ్గా మడతపడవు. పెళ్ళింట్లో ఉతికిన బట్టలు మడతపెట్టే చేతులు చాలక గుట్టపడ్డట్టు పేరుకుపోతాయి. అది హద్దు దాటితే కణం తనంతట తానే చచ్చిపోతుంది. ప్రయోగశాలల్లో ఈ హార్మోను తగిలిన కణాలు ఆ ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నాయి.

ఇక కిడ్నీ సంగతి. షుగరూ, కిడ్నీ జబ్బూ రెండూ ఉన్న 3,533 మందిపై సెమాగ్లుటైడ్‌ను పరీక్షించి, 2024లో ఫలితాలు ప్రకటించారు. కిడ్నీ పాడైపోవడం, కిడ్నీ వల్లో గుండె వల్లో ప్రాణం పోవడం వంటి ముప్పు 24 శాతం తగ్గింది. చిన్న మాట కాదు.

కానీ ఉద్దానం జబ్బు వేరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు షుగరు లేని రైతులకూ, కూలీలకూ అది వస్తోంది. కారణం నేటికీ తేలలేదు. షుగరు రోగులపై నెగ్గిన మందు వీళ్ళకూ పనిచేస్తుందని ఎలా అనగలం? ఆ పరీక్ష ఇక్కడి మనుషులతోనే జరగాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు కదా, ఈ పని అక్కడే మొదలుకావాలని నా కోరిక.

బావకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఎవరో అన్నారని ఆ ఇంజెక్షను కొనకండి. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. ఈ వారమే ఇంటిల్లిపాదీ వెళ్ళి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.